సర్దార్ చూసిన మంట

నాకు ముక్కు మీదే కోపమని మా ఇంట్లో అందరూ అంటారు. ఉంటే ఉంది. కొత్త స్టీలు గిన్నె అడుగు మసిబారితే శాంతంగా కూర్చునే మనిషి ఎవరైనా ఉంటే నాకు చూపించండి, వచ్చి దండం పెడతాను.

మా పుట్టిల్లు బసంత్‌నగర్. నాన్న సిమెంటు ఫ్యాక్టరీలో చేసేవాడు. తెల్ల దుమ్ములో పుట్టి పెరిగి, పెళ్లి చేసుకుని గోదావరిఖనిలో నల్ల దుమ్ములోకి వచ్చాను. మా క్వార్టర్ వంటింటి కిటికీ తెరిస్తే దూరంగా ఓపెన్‌కాస్టు బొగ్గుగని మట్టిగుట్టలు కనిపిస్తాయి. అందుకే తెరవను. తెరిచి కాసేపు మరిచిపోయానా, ఉప్పు డబ్బా మూత మీద కూడా నల్లటి పొర పేరుకుంటుంది. మూసిన ఆ కిటికీ ముందు నిలబడే ఇన్నేళ్లూ ఒక పాత పొయ్యి మీద వండాను. మా అత్త ఐలవ్వ బొగ్గుల పొయ్యి మానేసినప్పుడు కొన్న మొట్టమొదటి గ్యాస్ పొయ్యి అది. అత్త పోయింది గానీ పొయ్యి పోలేదు. ఒక బర్నర్ అసలు వెలిగేది కాదు. రెండోది సగం పసుపు మంటతో గురకపెడుతూ మండేది. నేను రోజూ దాన్ని తిట్టేదాన్ని. నేను తిడుతున్నది పొయ్యినో తననో తెలియక, బొగ్గుగనిలో పనిచేసే మా ఆయన జగదీశ్వర్ పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

చివరికి మొన్న దసరాకు మా ఆయనకు బొగ్గు కంపెనీ లాభాల వాటా పడినప్పుడు పట్టుబట్టి కొత్తది కొనిపించాను. మూడు బర్నర్లు, పైన నల్లటి అద్దం. అద్దంలో నా ముఖం కనిపిస్తోంది. ఇంత వయసొచ్చాక ఒక పొయ్యిని చూసి మురిసిపోవడం ఏమిటని ఎవరైనా అనవచ్చు. రోజులో సగం దాని ముందే నిలబడేవాళ్లు అలా అనరు.

బిగించడానికి చౌరస్తా దగ్గరి దుకాణం నుంచి ముష్తాక్ వచ్చాడు. సన్నగా, ఓపిగ్గా ఉండే మనిషి. పాత ట్యూబు పీకేసి కొత్తది తొడిగాడు. సబ్బు నురగ పూసి ఎక్కడా బుడగ లేవడం లేదని చూపించాడు. వెలిగిస్తే మంట కొసలు పసుపుగా ఊగాయి. అతను పొయ్యి కిందికి చెయ్యి పోనిచ్చి, బర్నర్ గొట్టం మొదట్లో ఉన్న చిన్న రేకును కొంచెం తిప్పాడు. మంట ఒక్కసారిగా సర్దుకుని, ఈ చివర నుంచి ఆ చివర దాకా నీలంగా నిలబడింది.

“ఇగ చూడక్కా. మంట గిట్లనే ఉండాలె,” అన్నాడు.

వంటింటి గుమ్మంలో మా మామ నర్సింగం నిలబడి ఉన్నాడు. చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఉంది, తాగడం లేదు. ఆయన భూగర్భ గనిలో సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. గనిని ఇక్కడివాళ్లు బాయి అంటారు. బాయిలో సర్దార్ పనేమిటో నాకు పెళ్లయిన కొత్తలో అత్త చెప్పింది. షిఫ్టు మనుషులకంటే ముందు ఆయన ఒక్కడే పని జాగాలోకి పోవాలి. పైకప్పు గట్టిగా ఉందా, గ్యాస్ ఏమైనా చేరిందా అని దీపంతో చూడాలి. చూసి, పొమ్మంటేనే మిగతావాళ్లు అడుగు పెడతారు. ఆయన పొమ్మననిదే ఒక్కడు కదలడు, ఆఫీసరు చెప్పినా సరే.

“ముష్తాకూ, గా రేకు తిప్పితె ఏమైతది?” అని అడిగాడు మామ.

“గాలి లోపలికి పోతది కాకా. గాలి తక్కువుంటే పసుపు మంట, సరిపోను ఉంటే నీలం.”

మామ ఆ రేకు వైపే చూస్తూ నిలబడ్డాడు. పెద్దాయనకు ఎంత ఆసక్తో అనుకున్నాను. చల్లారిన చాయ్‌ని మళ్లీ వేడి చేసి ఇచ్చాను, కొత్త పొయ్యి మీద మొదటి చాయ్ అదే.

వారం తిరగకుండానే పాల గిన్నె అడుగు నల్లబడింది. తర్వాత అన్నం గిన్నె, ఆ తర్వాత కూర గిన్నె. వంగి చూస్తే మంట పసుపుగా ఊగుతోంది. ముష్తాక్‌కు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు అన్నాను. అతను వచ్చి, కింద చెయ్యి పెట్టి, రేకు తిప్పి, మంటను నీలం చేసి పోయాడు. నాలుగు రోజులు బాగుంది. మళ్లీ మసి. మళ్లీ ఫోన్. ఈసారి అతను రేకును పట్టి పట్టి చూసి తల గోక్కున్నాడు.

“ఢీలా అయితే లేదక్కా. తనంతట తాను ఎట్ల తిరుగుతుందో సమజైతలేదు.”

“నీకు సమజ్ కాకుంటె నాకైతదా? నేను పీహెచ్‌డీ చేసిన్నా పొయ్యిల మీద?” అన్నాను.

ఆ రోజుల్లోనే వంటింట్లో ఇంకో చికాకు మొదలైంది. సిలిండర్ పెట్టే అర పక్కన, గోడ మీద కింద చీకట్లో సుద్దముక్కతో ఏవో అర్థం కాని గీతలు. మా హర్షిణి మూడో తరగతి, బడి నుంచి సుద్దముక్కలు జేబులో వేసుకొస్తుంది. పిలిచి చెవి మెలిపెట్టాను. “నేను గీయలే మమ్మీ,” అని ఏడ్చింది. ఇంకెవరు గీస్తారే, దయ్యాలా అని తుడిపించాను. మళ్లీ రెండు రోజులకు అక్కడే ఇంకో గీత.

వీటికి తోడు నాకు తలనొప్పి. పొద్దున వంట ముగిసేసరికి కణతలు పగిలిపోతున్నట్టు ఉండేది, కడుపులో తిప్పేది. కంపెనీ దవాఖానకు పోతే డాక్టరు బీపీ చూసి, బాగానే ఉంది, వేళకు తినండి, నిద్రపోండి అంది. మామ మాత్రం రోజూ అడిగేవాడు. “తలకాయ నొప్పి తగ్గిందా బిడ్డా?” అని. తన మోకాళ్లకు రాసుకునే బామ్ డబ్బా తెచ్చి నా కోసం వంటింటి గట్టు మీద పెట్టి పోయేవాడు. సొంత కొడుకుకు కూడా రాని ఆలోచన ఆ మనిషికి వచ్చేది. అది రాసుకుని మళ్లీ పొయ్యి ముందు నిలబడేదాన్ని.

మూడోసారి పిలిచినప్పుడు ముష్తాక్ రేకు దగ్గర నుంచి లేచి నెమ్మదిగా అన్నాడు. “అక్కా, గుస్సా కాకు. దీన్ని ఎవరో తిప్పుతున్నరు.”

నేను ఒంటికాలి మీద లేచాను. “మా ఇంట్ల ఎవరు తిప్పుతరు? మీరు ఖరాబ్ పొయ్యి అంటగట్టి మా మీదికి తోస్తరా? రేపే దుకాణంకొచ్చి మీ సేఠ్‌తోనే మాట్లాడుత!”

“అల్లా కసం అక్కా, నేను అబద్ధం చెప్తలే,” అన్నాడు. సేఠ్ పేరెత్తగానే అతని ముఖం చిన్నబోయింది. సంచీ భుజాన వేసుకుని, మామ వైపు చూసి సలాం చేసి వెళ్లిపోయాడు. మామ తలదించుకుని తన చెప్పులు చూసుకుంటున్నాడు. అది నేను గమనించాను గానీ అర్థం చేసుకోలేదు.

ఆ మరునాడు కూరగాయలకు బయలుదేరి, సంచీ మరిచిపోయి సందు చివర నుంచి వెనక్కి వచ్చాను. తలుపు చేరవేసి ఉంది. వంటింట్లో చప్పుడు. గుమ్మంలోకి వెళ్లి ఆగిపోయాను.

పొయ్యి ముందు వైపు లేచి ఉంది, కింద ఇత్తడి గ్లాసు ఆసరా పెట్టి ఉంది. మామ గట్టు మీదకు వంగి, ఒక చేత్తో టార్చిని నుదుటికి ఆనించి పట్టుకుని, రెండో చేత్తో రేకు తిప్పుతున్నాడు. పొయ్యిని దించి, వెలిగించి, మంటకు ఎదురుగా కళ్లు పెట్టి చూశాడు. చుట్టూ అరచెయ్యి అడ్డం పెట్టి చూశాడు. మంట పసుపుగా ఉంది. ఆర్పేసి, చొక్కా జేబులోంచి సుద్దముక్క తీసి, మోకాళ్లు పట్టుకుని కిందికి కూర్చుని, గోడ మీద ఒక అక్షరం, ఆనాటి తేదీ వేశాడు.

నా కూతురు చెవి మెలిపెట్టింది గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు కోపం ఇంకా ఎక్కువ వస్తుంది.

“మామా! ఏం పని గిది?”

ఆయన ఉలిక్కిపడలేదు. పట్టుబడ్డ మనిషిలా కూడా లేడు. లేవడానికి గట్టు పట్టుకుని, అలిసిపోయినట్టు నా వైపు చూశాడు.

“నీలం మంట చూస్తె నా పానం ఆగుతలేదు బిడ్డా,” అన్నాడు.

“ఏమైంది నీలం మంటకు?”

“బాయిల గ్యాస్ ఎట్ల చూస్తమనుకున్నవ్? దీపం వత్తి చిన్నగ చేసి, పైకప్పు కాడికి మెల్లగ లేపుతం. మంట పసుపుపచ్చగ ఉన్నదా, ఫికర్ లేదు. దాని నెత్తి మీద నీలం టోపీ లేసిందా, గ్యాస్ ఉన్నట్టే. ఇగ ఆడ ఒక్క మనిషిని ఉంచద్దు. జల్ది బయటికి తోలాలె.” ఊపిరి తీసుకున్నాడు. “నౌకరి చేసినన్ని దినాలు గదే చూసిన. చిన్న నీలం కనవడ్తెనే వంద మందిని ఎల్లగొట్టినోన్ని. నా కోడలు పొద్దుగాల లేసి అంత పెద్ద నీలం మంట ముంగట నిలవడ్తాందంటె ఎట్ల ఊకోవాలె?”

“అది బాయి మామా, ఇది వంటిల్లు!”

“గ్యాస్ గ్యాసే గద బిడ్డా.”

“మరి నాకెందుకు చెప్పలే?”

“చెప్తె ముసలోనికి మతి పోయిందంటరు,” అన్నాడు.

సాయంత్రం జగదీశ్వర్ డ్యూటీ దిగి రాగానే విషయం చెప్పాను. మామ అన్నది నిజమే అయింది. “బాపుకు మతి తప్పుతాంది. కరీంనగర్ల పెద్ద డాక్టర్‌కు చూపియ్యాలె. అప్పటిదాక వంటింటికి తాళమెయ్యి,” అన్నాడు. చెప్పిన తీరులో కోపం లేదు, భయం ఉంది. అయినా నాకు ఒళ్లు మండింది. మతి తప్పిన మనిషి సుద్దముక్కతో తేదీ సరిగ్గా వేస్తాడా? బాయిలో చూసిన ప్రతి జాగాలో సర్దార్ తన పేరు మొదటి అక్షరం, తేదీ సుద్దతో వేయాలట. ఆయన తన పని తాను చేస్తున్నాడు. పొయ్యి అర్థం కాలేదు, అంతే. నాకు బాయి అర్థం కానట్టే.

మర్నాడు ముష్తాక్‌ను మళ్లీ పిలిచాను. ముందుగా, మొన్న అన్న మాటలు పట్టించుకోవద్దని చెప్పాను. అది చెప్పడానికి నాకు ఎంత కష్టమైందో నాకే తెలుసు. అతను నవ్వేసి, గట్టు పక్కన మామను కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టాడు.

“కాకా, బాయి దీపం చమురుతోని మండుతది. బయటి గ్యాస్ వచ్చి కలిస్తె నీలం కనవడ్తది. అందుకె అది ఖత్రా. ఈడ మండేదే గ్యాస్. గాలి మంచిగ దొరికి మొత్తం కాలితెనే నీలం. నువ్వు రేకు మూస్తె గాలి దొరకది, సగమే కాలుతది. అందుకె పసుపు మంట, అందుకె మసి. మసి ఒక్కటే కాదు, ఇంకో ఖరాబ్ గాలి వస్తది. వాసన ఉండది, కండ్లకు కనవడది. కిటికీ బంద్ ఉంటె ఇంకా పరేషాన్. తలకాయ నొస్తది, కడుపుల తిప్పుతది.”

మామ అప్పటిదాకా తల ఊపుతూ వింటున్నాడు. తల ఊపడం ఆగిపోయింది.

“తలకాయ నొస్తదా?” అన్నాడు.

“అవు కాకా. మాకు ట్రైనింగ్ల గదే చెప్పిన్రు.”

మామ నా వైపు చూశాడు. తర్వాత గట్టు మీద ఉన్న బామ్ డబ్బా వైపు చూశాడు.

“గా గాలి నాకెరుకే,” అన్నాడు. “ఒకపారి బాయిల, పాత పని జాగ మూసిన గోడ పగిలి గదే గాలి లీకయ్యింది. నా జోడిగాడు రఘుపతి, ‘తలకాయ నొస్తాందన్నా, జెర కూసుంట’ అన్నడు. నేను మనుషులను పిలుచుకొచ్చేదాక కూసునే ఉన్నడు. కూసున్నోడు మళ్ల లేవలే.” తన అరచేతులు చూసుకున్నాడు. “గా గాలిని నేను నా చేతులతోని ఇంట్లకు తెచ్చిన. రోజూ నిన్నే అడిగిన, తగ్గిందా బిడ్డా అని.”

“నాకేం కాలే మామా. ఎప్పుడో ఒక్కసారి నొచ్చింది,” అన్నాను. అబద్ధమని ఆయనకూ తెలుసు.

ముష్తాక్ రేకు సరిచేసి, కిటికీ తెరిచి ఉంచమని నాకు చెప్పి వెళ్లిపోయాడు. ఆ పూట మామ అన్నం ముట్టలేదు. ఆకలి లేదన్నాడు. వంటింటి గడప దాటి లోపలికి రాలేదు. మంచినీళ్లు కావాలన్నా హర్షిణిని అడిగి తెప్పించుకున్నాడు.

పొద్దున లేచేసరికి వరండాలో కుర్చీ పక్కన ఆయన సంచీ సిద్ధంగా ఉంది. ఉతికిన ధోతి కట్టుకుని కూర్చున్నాడు.

“నన్ను నస్పూర్ల అనసూర్య కాడ దింపు,” అన్నాడు కొడుకుతో. అనసూర్య మా ఆడబిడ్డ. బిడ్డ ఇంట్లో ఒక పూటకు మించి ఉండడం ఆయనకు ఎప్పుడూ నామోషీ. అలాంటి మనిషి సంచీ నిండా బట్టలు సర్దుకున్నాడు.

జగదీశ్వర్ నన్ను పక్కకు పిలిచి, “పోనీ. కొన్ని రోజులు ఉండి వస్తడు. మనసు తేటైతది,” అన్నాడు.

మా ఆయన మంచివాడే గానీ కొన్ని విషయాలు అతని కంటికి ఆనవు. ఆ మనిషి ఇప్పుడు పోతే తిరిగి రాడని నాకు తెలిసిపోయింది. నస్పూర్‌లో మరో క్వార్టర్ వరండాలో, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, కోడలిని చంపబోయానని తలుచుకుంటూ కూర్చుంటాడు. మంటను చూసి నిజం చెప్పగలిగే చూపు ఒక్కటే ఆయన తనదని చెప్పుకునేది. అది కూడా తప్పిందనుకుంటూ మిగిలిన రోజులన్నీ గడుపుతాడు. నాకు భయం వేసింది. నా తలనొప్పికి కూడా అంత భయపడలేదు. ఆయన మీద నాకు ఇంత ప్రేమ ఉందని అప్పటిదాకా నాకే తెలియదు.

మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. అందుకని చేతనైనదే చేశాను. వరండాలోకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నాను.

“ఇయ్యాల ఈ ఇంట్ల పొయ్యి ముట్టది. చాయ్ లేదు, టిఫిన్ లేదు, ఎవలకూ బువ్వ లేదు!”

“షిఫ్టుకు టైమైతాంది. ఒక్క చాయ్ అన్న పెట్టు,” అన్నాడు జగదీశ్వర్.

“సర్దార్ చూసి పొమ్మనకుంటె మీ బాయిల పనికి దిగుతరా?”

జగదీశ్వర్ నన్నూ వాళ్ల నాన్ననూ మార్చి మార్చి చూశాడు. “దిగరు,” అన్నాడు మెల్లగా.

“ఐతె నేనూ దిగ.”

మామ తల ఎత్తలేదు. “నా చూపు తప్పింది బిడ్డా. చూపు తప్పిన సర్దార్‌ను పనిల ఉంచద్దు.”

“చూపు తప్పలే, దీపం మారింది. బాయిల కొత్త దీపం వస్తె పాత సర్దార్లను ఇంటికి తోలుతరా, నేర్పిస్తరా?”

హర్షిణి వచ్చి ఆయన మోకాలి పక్కన నిలబడింది. ఆ పిల్లకు ఏం అర్థమైందో గానీ సంచీ తీసి లోపల పెట్టింది.

“నేర్పిస్తరు,” అన్నాడు చివరికి.

“మరి లే.”

లేచాడు. గడప దగ్గర ఒక క్షణం ఆగి, వంటింట్లోకి వచ్చాడు. పొయ్యి దగ్గరికి పోలేదు. నేరుగా కిటికీ దగ్గరికి వెళ్లి గడియ లాగాడు. ముష్తాక్ చెప్పినా నేను ఇంకా తెరవలేదు. అది బిగుసుకుపోయి రాలేదు. అరచేత్తో గట్టిగా కొట్టాడు. కిటికీ కిర్రుమని తెరుచుకుని, మట్టిగుట్టల మీద నుంచి గాలి లోపలికి వచ్చింది.

“ముందుగాల గాలి,” అన్నాడు. “గదే మర్సిన నేను.”

తర్వాత వంగి, రేకును తన వేళ్లతో తాకి, ముష్తాక్ ఉంచిన చోటనే ఉందని చూసుకున్నాడు. నాకు సైగ చేశాడు. లైటర్ నొక్కాను. మంట నీలంగా లేచింది.

లేవగానే ఆయన చెయ్యి అడ్డంగా చాపి నన్ను వెనక్కి నెట్టాడు. తను కూడా అర అడుగు వెనక్కి వేశాడు. ఆ చెయ్యి నా ముందు అలాగే చాచి ఉంది. ఆయన మంటను చూస్తూనే ఉన్నాడు, రెప్ప వేయకుండా. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు కూడా. తర్వాత ఆ చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

“మంచిగున్నది,” అన్నాడు. మళ్లీ అన్నాడు, ఈసారి కొంచెం గట్టిగా, బాయిలో అన్నట్టు. “మంచిగున్నది. పనికి పోండ్రి.”

నీలం మంటను కళ్లారా చూసి మనుషులను ముందుకు పొమ్మనడం ఆయన బతుకులో అదే మొదటిసారి.

హర్షిణి జేబులోంచి సుద్దముక్క తీసి ఆయన చేతిలో పెట్టి, నా వైపు తిరిగి, “నేను గీయలే అని చెప్పిన గదా,” అంది. ఆయన ఈసారి కింద చీకట్లో కాకుండా, పొయ్యి పైన గోడ మీద, అందరికీ కనిపించే చోట ‘న’ అని రాసి, పక్కన తేదీ వేశాడు. గోడ మీద చిన్న మరక పడితే ఇల్లు పీకి పందిరేసే మనిషిని నేను. దాన్ని తుడవలేదు.

పాల గిన్నె పెట్టాను. కిటికీలోంచి సన్నటి నల్ల దుమ్ము వచ్చి గట్టు మీద, పొయ్యి అద్దం మీద పడుతోంది. పడనీ అనుకుని చాయ్ ఆకు డబ్బా అందుకున్నాను.